రెండు ప్రాణాల లెక్క

"ఎవరు పంచమన్నారండీ మిమ్మల్ని? ఆ అంకెను ఇద్దరికి పంచుకోమని మీకెవరు చెప్పారు?"

డాక్టరమ్మ కనకలక్ష్మి గొంతు వసారా దాటి వీధిలోకి వినిపించింది. బెజవాడ నుంచి వచ్చిన మనిషి ఆమె. నాలుగు నెలలుగా ప్రతి మంగళవారం నార్సింగికి వచ్చి, చావడిలో కూర్చుని మందులిచ్చి పోతోంది. ఇంతవరకూ ఎవరి మీదా గొంతు పెంచింది లేదు. ఈ పూట పెంచింది.

నీలమ్మ చేతికి రక్తపు పోటు చూడడానికి కట్టిన పట్టీ ఇంకా విప్పనే లేదు. చాప మీద ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉందా పిల్ల. పందొమ్మిదేళ్ళు. ఎనిమిదో నెల. ముఖమంతా ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. వేలికున్న ఉంగరం నిన్నటి నుంచి సబ్బు రాసినా ఊడి రావడం లేదు.

అత్త సీతాబాయి తడుముకోలేదు. ఆమె దేనికైనా తడుముకున్న రోజు ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

"ఎవలు చెప్పాల్నమ్మా? గంతమాత్రం ఎర్కలేదా నాకు? పోయిన మంగళారం నువ్వు రాకపోతివి. నీ కంపౌండరు లింగమూర్తి వచ్చి గిదే పట్టీ కట్టి చూసిండు. నూట యాభై అన్నడు. ఇదేమన్న ఒట్టి మనిషా? రెండు పానాలు. నూట యాభైని ఇద్దరికి పంచు. తల్లికి డెబ్బై అయిదు, బిడ్డకు డెబ్బై అయిదు. పిల్లకు రక్తం సగమే ఉన్నదంటే నేను ఊకుంటనా? గందుకే మంచిగ తినవెట్టిన."

"ఏం పెట్టారు?"

"ఏం పెడ్తరు? పొద్దున మాపున ఎండు మాంసం. ఉప్పేసిన గంజి. చింతకాయ తొక్కు అడిగింది, కాదనలే. కడుపుతోని ఉన్న పిల్లకు ఎవలన్న కాదంటరా?"

కనకలక్ష్మి కళ్ళు మూసుకుని తెరిచింది.

అరుగు మీద కూర్చున్న మామ బాలనర్సయ్య గొంతు సవరించుకున్నాడు. ఊళ్ళో నలుగురికి లెక్కలు చెప్పే మనిషి. ఈ లెక్కలో తన వాటా వదులుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

"ఆమె లెక్క ఒక్కటే కాదు డాక్టరమ్మా. నేను గూడ వేరే తీరు తీసి చూసిన. వయసుకు వంద కలిపితే ఎంతయితదో గంత ఉండాలని లింగమూర్తే చెప్పిండు. నీలమ్మకు పందొమ్మిది. వంద కలిపితే నూటపందొమ్మిది. కడుపులున్నదానికి వయసు లేదు, గని దాని వంద దానికుండాలె గద. రెండు కలిపితే ఎంత? రెండు వందల పందొమ్మిది. ఉన్నదేమో నూట యాభై. ఎట్ల చూసినా తక్కువే వస్తున్నది."

నవ్వొచ్చే లెక్కే. ఇంకెవరి ఇంట్లోనైనా అయితే సక్కుబాయి కూడా నవ్వేది.

సక్కుబాయి ఆ ఇంటి పెద్దకోడలు. వసారాకూ లోపలి గదికీ మధ్య ఉన్న గడపకు లోపలి వైపు, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తోటికోడలు కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఆమె ఆ గడప దాటి రాకూడదు. అది సీతాబాయి పెట్టిన కట్టుబాటు. వంట చేయవచ్చు, అంట్లు తోమవచ్చు, నీళ్ళు మోయవచ్చు. నీలమ్మ చేతికి గిన్నె మాత్రం అందించకూడదు.

పోయిన బుధవారం నాడే ఆమె అడిగింది. "లింగమూర్తి పంచమని చెప్పలేదు గదత్తమ్మా. మళ్ళొక్కసారి ఆయననే అడుగరాదుండ్రి," అంది. దానికి సీతాబాయి ఇచ్చిన జవాబు ఆరు రోజులుగా ఆమె చెవుల్లోనే ఉంది. "నువ్వు కన్నదానివా, పెంచినదానివా? నీకెందుకే పిల్లల ముచ్చట?"

ఆ మాట తరువాత ఎండు మాంసం ఇంకో పిడికెడు ఎక్కువ ఉడికింది. దాన్ని వండిందీ సక్కుబాయే. అదే ఇప్పుడు ఆమెను కాల్చేస్తోంది.

కనకలక్ష్మి నీలమ్మ చేతి పట్టీ విప్పింది. పెట్టెలోని పాదరసం గొట్టాన్ని బాలనర్సయ్య వైపు తిప్పి చూపించింది. గొంతు తగ్గించింది కానీ కోపం తగ్గలేదు.

"పెద్దాయన గారూ, ఇది ఒంట్లో రక్తం ఎంత ఉందో కొలిచేది కాదండి. శేరూ సోలా కాదు. రక్తం లోపలి నరాలను ఎంత బలంగా తోస్తోందో చెప్పేది. గుండె పిడికిలి బిగించినప్పుడు ఉండే తోపుడు పై అంకె. బిగువు వదిలినప్పుడు మిగిలి ఉండేది కింది అంకె. రెండూ ఒక్క మనిషివే. తల్లివే. బిడ్డకు అందులో వాటా లేదు, మీకూ నాకూ లేదు."

"కింది అంకె అని గూడ ఉన్నదా?" అన్నాడు బాలనర్సయ్య.

"లింగమూర్తి చెప్పలేదా?"

"చెప్పిండు," అంది సక్కుబాయి గోడ దగ్గరినుంచి. "నూట యాభై మీద వంద అన్నడు. మామ ఒక్కటే పట్టుకున్నడు."

సీతాబాయి ఆమె వైపు ఒక చూపు చూసింది. మామూలు రోజైతే ఆ చూపుకు సక్కుబాయి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఈ పూట కదలలేదు.

"ఇవాళ నూట డెబ్బై మీద నూట పది," అంది కనకలక్ష్మి. "వారంలో ఇరవై పెరిగింది. కింది అంకె నూట పది అంటే ఏమిటో తెలుసాండీ? గుండె బిగువు వదిలినప్పుడు కూడా నరాల మీద నొక్కుడు తగ్గడం లేదన్నమాట. కడుపుతో ఉన్న పిల్లకు నూట నలభై మీద తొంభై వస్తేనే మేం భయపడతాం."

సక్కుబాయి పుట్టింటివాళ్ళది మణికొండలో కమ్మరి కొలిమి. చిన్నప్పుడు తిత్తి ఊదేది. తిత్తి నొక్కినప్పుడు గాలి ఎగదోస్తుంది, వదిలినప్పుడు సద్దుమణుగుతుంది. వదిలినా సద్దుమణగని తిత్తి ఏమవుతుందో ఆమెకు తెలుసు. కుట్లు పిగిలిపోతాయి. డాక్టరమ్మ చెబుతున్నది ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది.

"మరి వయసుకు వంద?" అన్నాడు బాలనర్సయ్య, ఇంకా వదలకుండా.

"మా పుస్తకాల్లో పెద్దవయసు వాళ్ళకు రాసిన లెక్క అది. నన్నడిగితే వాళ్ళకైనా నేను నమ్మను. ఇలాంటి పిల్లకు దాన్ని పట్టుకుని కూర్చుంటే చంపుకున్నట్టే."

ఆ మాటతో సీతాబాయికి రోషం పొడుచుకొచ్చింది. కొంగు నడుముకు దోపి, చాప పక్కన చతికిలబడి, కుడిచెయ్యి చాచింది.

"నాకు గూడ కట్టు. చూస్త, నీ మిషను ఏం కూస్తదో."

"అమ్మా, ఇప్పుడు మీకు..."

"కట్టమంటున్న గద!"

కనకలక్ష్మి కట్టింది. రబ్బరు బుడ్డి నొక్కింది. చెవులకు గొట్టాలు పెట్టుకుని మోచేతి మడతలో విన్నది. పాదరసం ఎగబాకి, మెల్లగా దిగింది.

"నూట ఎనభై మీద నూరు."

సీతాబాయి ముఖం వెలిగిపోయింది. పందెం గెలిచినట్టు అందరి వైపూ చూసింది.

"ఇన్నరా? దీనికంటె నాకే ఎక్కువ! పొద్దుగాల లేసి రెండు కుంచాల వడ్లు దంచిన. బావి కాడికి నాలుగు తాపలు పోయొచ్చిన. నాకేమయింది? సచ్చిన్నా? నాకు కానిది దీనికెందుకైతది? మిషనుకు మనుషులను పరేషాన్ చేసుడు తప్ప ఇంకేం రాదు."

"మీకూ మంచిది కాదమ్మా," అంది కనకలక్ష్మి నెమ్మదిగా. "మీకు ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా పెరిగి ఉంటుంది. ఒళ్ళు దానికి అలవాటు పడింది. లోపల జరిగేది మీకు తెలియదు, నొప్పీ ఉండదు. మీ సంగతి తరువాత చూస్తాను. ఈ పిల్లకు నెల తిరక్కుండా ఎక్కింది. అంకెలు దగ్గర దగ్గరే అయినా మనుషులు ఒక్కటి కాదండీ. మీకు పదేళ్ళలో చేసే చెడు దీనికి ఈ పూటే చేయవచ్చు."

సీతాబాయి పట్టీ విప్పుకుని విసురుగా పక్కన పెట్టింది.

డాక్టరమ్మ ఇంకా ఒకటి చూపించింది. నీలమ్మ మూత్రం గాజు గొట్టంలో పోసి చిన్న స్పిరిటు దీపం మీద కాచింది. కాగుతున్న కొద్దీ అది తెల్లగా విరిగింది. కాచిన గుడ్డుసొనలా గొట్టం గోడకు అంటుకుంది. మూత్రంలో అలాంటిది ఉండకూడదంది. బాలనర్సయ్య చూసి తల తిప్పుకున్నాడు. ఆయనకు అంకెల మీద అనుమానాలుండవచ్చు కానీ కళ్ళతో చూసినదాని మీద ఏమంటాడు?

"ఇవాళే పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి," అంది కనకలక్ష్మి. "అక్కడ మందులున్నాయి. అవసరమైతే బిడ్డను ముందుగానే బయటికి తీస్తారు. నేను వచ్చిన శంకర్‌పల్లి బస్సు సాయంత్రం గానీ తిరిగి రాదు. అంతదాకా ఆగలేం. మీ బండి ఉంది కదా, గడ్డి పరిచి పడుకోబెడదాం. నేనూ కూర్చుంటాను."

"ఎనిమిదో నెల," అంది సీతాబాయి.

"అయితే?"

"ఎనిమిదో నెలల కడుపుతోని ఉన్నది పొలిమేర దాటదు. మా ఇంట్ల ఎన్నడు దాటలే. నా అత్త దాటలే, నేను దాటలే."

బాలనర్సయ్య మధ్యే మార్గం వెతికాడు. మధ్యే మార్గం వెతకడం ఆయనకు పెద్దరికమనిపిస్తుంది. "శుక్రారం అమాస. శనారం తొమ్మిదో నెల సొస్తది. శనారం పొద్దుగాల్నే నేనే స్వయంగ తోలుకపోత. గీలోపట నర్సింహ గూడ పట్నం నుంచి వస్తడు. వాని పెండ్లాం, వానికొక మాట చెప్పకుంట ఎట్ల?"

నర్సింహ నీలమ్మ మొగుడు. పట్నంలో అచ్చాఫీసులో పని. పదిహేను రోజులకొకసారి వస్తాడు.

"శనివారం దాకా ఆగమని ఈ పిల్ల ఒంటికి మీరు చెబుతారా?" అంది కనకలక్ష్మి.

ఆమె నీలమ్మ నుదుటి మీద చెయ్యి వేసింది. "తలనొప్పి ఉందామ్మా?"

"నిన్నటి సంది. పగుల్తున్నట్టే ఉన్నది."

"కళ్ళ ముందు ఏమైనా మెరుస్తున్నాయా?"

"మినుకు మినుకుమంటున్నయ్." నీలమ్మ గొంతు చాలా చిన్నగా ఉంది. "అత్తమ్మకు చెప్పిన. ఆకలికి గట్లయితది, ఇంకింత తిను అన్నది."

కనకలక్ష్మి లేచి నిలబడింది. "ఒక్క మాట నిజం చెప్పండి. ఈ ఇంట్లో ఇంతకుముందు కాన్పు ముందర ఎవరికైనా కాళ్ళు చేతులు కొంకర్లు పోయి, నోట నురగ వచ్చి, స్పృహ తప్పడం జరిగిందా?"

"మా ఇంట్ల ఎవలకు లేదు," అంది సీతాబాయి.

ఎంత సులువుగా అందో! పొయ్యిలో బూడిద లేదన్నంత సులువుగా అంది.

సక్కుబాయి గడప దాటింది.

పెద్ద సాహసమేమీ కాదు, ఒక్క అడుగు. నాలుగు వేళ్ళ ఎత్తు గడప. అయినా బాలనర్సయ్య అరుగు మీద నుంచి లేచాడు. సీతాబాయి నోరు తెరిచింది. సక్కుబాయి వచ్చి నీలమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"నాకొచ్చింది, డాక్టరమ్మా."

"సక్కూ, లోపటికి నడువు."

"నాకొచ్చింది. పదకొండేండ్లాయె. గిదే వసారల. మూడొద్దులు తల పగిలింది. కాళ్ళు గిట్లనే ఉబ్బినయ్. నాలుగో నాడు పడిపోయిన. లేచినంక బిడ్డ లేదు. ఆడబిడ్డనట. నేను సూడలే. సూపెట్టలే."

"అది వేరే," అంది సీతాబాయి. "దానికి గాలి సోకింది. మంత్రసాని పోచమ్మ గూడ గదే అన్నది. పొద్దుగూకె యాళ్ళ తల ఇరబోసుకొని పెరట్ల తిరిగింది, సోకింది. దీనికి దానికి ఏం సంబంధం?"

సక్కుబాయి చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి ఎడమ కాలి మడమ చూపించింది. పాత మచ్చ, నల్లగా, చుట్టూ తోలు ముడుచుకుపోయి ఉంది. గాలి వదిలించడానికి కాల్చిన ఇనుము పెట్టారు. ఒకసారి పెట్టి ఊరుకోలేదు, మూడుసార్లు పెట్టారు.

కనకలక్ష్మి వంగి ఆ మచ్చ చూసింది. తలెత్తేటప్పటికి ఆమె గొంతు పూర్తిగా మారిపోయింది.

"మీకే గాలీ సోకలేదమ్మా. ఈ పిల్లకు ఇప్పుడున్నదే అప్పుడు మీకుంది. రక్తపు పోటు. జనం గుర్రపువాతం అంటారు చూడండి, ఆ కొంకర్లు ఈ పోటు ముదిరితే వచ్చేవే. తల విరబోసుకుంటే వచ్చేది కాదు."

"చేతికి పట్టీ కడితే తెలిసేదా?"

"తెలిసేది."

"గింతసేపేనా?"

"ఇంతసేపే."

సక్కుబాయి చాప పక్కనున్న ఆ పట్టీ వైపు చూసింది. నల్ల గుడ్డ, దానికి రెండు రబ్బరు గొట్టాలు. అంతే.

పదకొండేళ్ళు! పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో ఆమె గాలి సోకిన మనిషి. పేరంటానికి పిలుపు లేదు. ఒడిబియ్యం లేదు. పసిపిల్లలున్న ఇంటికి వెళితే తల్లులు ఊయల మీద కొంగు కప్పేవాళ్ళు. నీలమ్మ పెళ్ళయి వచ్చిన రోజు హారతి పళ్ళెం పట్టుకుంటే సీతాబాయి చేతుల్లోంచి లాక్కుంది. తప్పు తనదేనేమోనని, ఆ సాయంత్రం పెరట్లోకి వెళ్ళకుండా ఉంటే బిడ్డ బతికేదేమోనని, ఆమె కూడా నమ్మింది. తన పాపమే అనుకుంది. తనను తానే తిట్టుకుంది. ఏ పాపం? ఎవరి పాపం? ఒక గుడ్డపట్టీ, ఒక పాదరసం గొట్టం, రెండు అంకెలు. ఇంత చిన్న సంగతికి ఒక ఆడదాన్ని పదకొండేళ్ళు గడప అవతల నిలబెట్టారు!

ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండింది.

లేచి ఎవరితోనూ మాట్లాడకుండా కొట్టం వైపు నడిచింది. వెనక నుంచి సీతాబాయి "ఏడికే?" అంటూనే ఉంది.

కొట్టంలో ఆమె మొగుడు పెంటయ్య ఎడ్లకు చొప్ప వేస్తున్నాడు. మాటల మనిషి కాదు. తండ్రి చెప్పింది చేయడం, తల్లి పెట్టింది తినడం అలవాటు. సక్కుబాయిని ఏనాడూ ఒక్క మాట అన్నవాడు కాదు. ఆమె తరఫున ఒక్క మాట అన్నవాడూ కాదు.

"బండి కట్టు," అంది.

"నాయన ఏమన్నడు?"

"శనారమన్నడు."

"మరి?"

"శనారం దాకా నీలమ్మ ఉండదు. నా బిడ్డ పోయిన తీరే దీని బిడ్డ గూడ పోతది. గిది గూడ పోతది. నాకు గాలి సోకలేదట, ఇన్నవా? డాక్టరమ్మ చెప్పింది. నాకున్నది గూడ గీ రోగమే. పట్టీ కట్టి చూస్తే తెలిసేదట."

పెంటయ్య చేతిలో చొప్ప అలాగే ఉండిపోయింది.

"నేనేం చెయ్యలేదు," అంది సక్కుబాయి. ఇంతసేపూ రాని ఏడుపు ఆ మాట దగ్గర వచ్చింది. "నేనేం తప్పు చెయ్యలేదు. నువ్వన్న ఇనుకో ఒక్కసారి."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమె చదవలేకపోయింది. చొప్ప కింద పడేసి, గోడకానించిన కాడి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఆమెకు పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి మీద ఇంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

బండి ముంగిట్లోకి వచ్చింది. గడ్డి పరిచారు. పైన బొంత వేశారు. కనకలక్ష్మి పెట్టె సర్దుకుని నీలమ్మ చేత ఒక మాత్ర మింగించింది. బాలనర్సయ్య వద్దనలేక, ఔననలేక, పైకండువా సవరించుకుంటూ అరుగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతున్నాడు. "నా మాటకు ఇలువ లేకపాయె," అని రెండుసార్లు అన్నాడు కానీ ఎవరికి వినబడాలని అన్నాడో ఆయనకే తెలియదు.

సక్కుబాయి నీలమ్మను లేపడానికి లోపలికి పోబోయింది. సీతాబాయి వసారా గుమ్మంలో నిలబడి ఉంది. చెయ్యి అడ్డంగా చాచి, అవతలి ద్వారబంధం గట్టిగా పట్టుకుంది.

"నా పానం పోయినా పొలిమేర దాటనియ్య."

"జరుగత్తమ్మా."

"దాని తల్లి రేపు వచ్చి నా పిల్లనేం చేసినవంటే నువ్వు చెప్తవా జవాబు?"

"చెప్త. జరుగు."

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. సక్కుబాయికి ఆ ముఖాన్ని తిట్టాలని ఉంది. పదకొండేళ్ళ తిట్లు నోటి నిండా ఉన్నాయి. కానీ సీతాబాయి కనురెప్పలు అదురుతుండడం కనిపించింది. ఏదో జాలి వచ్చింది. ఆ జాలికే తరువాత ఎంతోకాలం ఆమె తనను తాను తిట్టుకుంది.

"నేను మిమ్ములనేం అంటలేనత్తమ్మా," అంది గొంతు దించి. "నాడు మీకెవ్వలు చెప్పలే. గాలి అన్నరు, గాలే అనుకున్నరు. ఎర్క లేక చేసిండ్రు. ఎవలన్న చెప్పి ఉంటే నన్ను గూడ తోలుకపోయెటోళ్ళే. గది నాకెర్కే. గిప్పుడు ఎర్కయింది గద. జరుగుండ్రి."

సీతాబాయి ముఖం వివర్ణమైంది. క్షమించమని కోరుకున్న ముఖం కాదది. 'ఎర్క లేక' అన్న మాట ఆమెను తన్నినట్టయింది.

"ఎర్క లేకేం?" అంది.

"ఏమంటివి?"

"ఎర్క లేక చేసుడేంది? నాడు గూడ చెప్పిండు. నీ తల నొచ్చిన మొదటి నాడే టీకాలేసే డాక్టరు వచ్చిండు చావడికి. నీ కాళ్ళు చూసిండు, కండ్లు చూసిండు. పొద్దుగూకకముందే బండి కట్టుండ్రి, పట్నం తోలుకపోండ్రి, లేకుంటే దక్కదు అన్నడు. పక్కకు పిలిచి నాకొక్కదానికే చెప్పిండు. నేను వద్దన్న. ఎనిమిదో నెల అన్న. మీ మామకు చెప్పలే, పెంటయ్యకు చెప్పలే." సీతాబాయి గొంతు పెద్దదైంది. "అయితేమాయె? నువ్వు దక్కలేదా? పొలిమేర దాటనియ్యలే గనుకనే దక్కినవ్! దాటిస్తే ఇద్దరు పోయెటోళ్ళు. నిన్ను బతికించుకున్న నేను. దీన్ని గూడ గట్లనే బతికించుకుంట!"

సక్కుబాయి చెవులు ఆ మాటలను ఒక్కొక్కటిగా విన్నాయి. మూడు రోజులు! ఆ మూడు రోజులూ బండి ఇదే ముంగిట్లో ఉంది. ఎడ్లు ఇదే కొట్టంలో ఉన్నాయి. ఎనిమిది మైళ్ళ దారి. అన్నీ ఉన్నాయి, చెప్పినవాడు కూడా ఉన్నాడు. తెలిసి ఆపింది. తెలిసి ఆపి, గాలి అని పేరు పెట్టి, మడమ మీద ఇనుము పెట్టించి, పదకొండేళ్ళు తన చేతి నీళ్ళు తాగింది ఈ మనిషి.

ముంగిట్లో కాడి మెడకెత్తబోతున్న పెంటయ్య ఆగిపోయాడు. కుడి ఎద్దు ఒక్కటే కాడి కింద ఉంది. ఎడమది తల ఊపుతూ నిలబడింది.

"అవ్వా," అన్నాడు.

సీతాబాయి అతని వైపు చూడలేదు.

"నేను నాడు అంగడికి పోయొచ్చేటాళ్ళకు అంతా అయిపోయింది. ఎవలు చెప్పలే అన్నవ్. దేవుడు చేసిండన్నవ్. నాకెందుకు చెప్పలే, అవ్వా?"

బాలనర్సయ్య అరుగు మీద తిరగడం మానేశాడు. అందరూ సీతాబాయి నోటి వంకే చూస్తున్నారు. ఆ నోరు గట్టిగా బిగిసిపోయి ఉంది. ఎండ ముంగిలంతా పరుచుకుంది. పెరటివైపు తలుపు కూడా తెరిచే ఉండటంతో వసారాలో నీలమ్మ పడుకున్న చాప మీద, ఆమె ముఖం మీద, తెల్లగా వెలుతురు పడుతోంది. మిట్ట మధ్యాహ్నం.

లోపల్నుంచి నీలమ్మ పిలిచింది.

"అక్కా."

"వస్తున్న బిడ్డా."

"ఏమక్కా, గింత జల్దీ పొద్దుగూకిందా? ఏం కనవడ్తలేదు. జర దీపం ముట్టియ్యరాదు."

వసారాలోనే ఉన్న కనకలక్ష్మి ముందు కదిలింది. చేతిలోని పెట్టె అక్కడే వదిలేసి నీలమ్మ దగ్గరికి ఒక్క పరుగున పోయి, ఆమె కళ్ళ ముందు వేళ్ళు ఆడించింది. నీలమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప వాలలేదు.

"చూపు పోయింది! ఇక కొంకర్లే వస్తాయి. బండి! తొందరగా! ఇంక నిమిషం కూడా ఆగకూడదు!" అని అరిచింది లోపల్నుంచి.

పెంటయ్య ఎడమ ఎద్దును కాడి కిందికి లాగాడు. సక్కుబాయి గుమ్మం దగ్గరికి ఒక్క అడుగు వేసింది. సీతాబాయి కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. చెయ్యి మాత్రం ద్వారబంధం వదల్లేదు.